పొడుగుపడవ షెడ్డులో ఫైరింజన్లు

ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన గాలివాన మా రేవులో ఎవరి ప్రాణమూ తియ్యలేదు కానీ, ఫైర్‌స్టేషన్ వెనకున్న వర్క్‌షాపును మాత్రం మిగల్చలేదు. పైకప్పు రేకులు సగం సముద్రంలో పడ్డాయి, సగం పాస్టరుగారి అరటితోటలో తేలాయి. గాలి తగ్గాక వెళ్లి చూస్తే ఇనప స్తంభాలూ, వాటి మధ్య నీళ్లూ, ఆ నీళ్లలో పానాల పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడ్డ అలాపతీ.

అలాపతి మా స్టేషన్ మెకానిక్కు. మాకున్నవి మూడు ఫైరింజన్లు. మూడూ పరాయి దేశాల్లో వయసైపోయాక మాకు దానంగా వచ్చినవే. సవాయి దీవిలో ఈ పక్కనంతా అవే దిక్కు. నేను అక్కడ రేడియో దగ్గర పనిచేసేదాన్ని. ఎక్కడ ఏది అంటుకున్నా ముందు నాకే తెలిసేది. ఆ తర్వాత బండి కదులుతుందో లేదోనని గుండె పీచుపీచుమనేదీ నాకే.

కొత్త వర్క్‌షాపు కట్టిస్తామని రాజధాని అపియా నుంచి కబురొచ్చింది. సామానంతా ఓడలో రావాలి కాబట్టి ఏడాది చివరిదాకా దానిమీద ఆశ పెట్టుకోనక్కర్లేదని కూడా అర్థమైంది. ఈలోగా మే వస్తే వానలు వెనకబడతాయి. లావా నేలల మీద గడ్డి ఎండిపోతుంది. తోటల్లో చెత్త తగలబెట్టుకునే రోజులు మొదలవుతాయి. చూడబోతే మా పెద్ద బండికి పంపు కారిపోతోంది, రెండోదానికి బ్రేకులు అరిగిపోయాయి, మూడోదానికి వెనక కమానుకట్ట విరిగింది.

"ఆరుబయటే విప్పుకోకూడదా అన్నా?" అని అడిగాను.

"పంపు విప్పాక లోపల ఇసక పడిందంటే మళ్లీ బిగించడం దేనికి చెల్లీ, నేరుగా సముద్రంలో పారేసి రావచ్చు. ఈ ఉప్పుగాలి ఒక్కటి చాలదూ? పైన కప్పు కావాలి, కింద గట్టి నేల కావాలి. మధ్యలోదంతా నేను చూసుకుంటాను."

మా అధికారి నావైపు తిరిగాడు. "ఫువాతినో, ఈ దీవిలో నీకు చుట్టరికం లేని గుమ్మం లేదు. నువ్వు కూడా వెళ్లు. వీడికి బండ్లతో మాట్లాడ్డం వచ్చు కానీ మనుషులతో రాదు."

అలా ఇద్దరం తిరగడం మొదలుపెట్టాం.

మొదట రేవు పక్కనున్న కొబ్బరి గోదాముకి వెళ్లాం. షావుకారు మమ్మల్ని అడగనివ్వనైనా లేదు. బియ్యం బస్తాలు ఒక మూలకి జరిపించి, సగం గోదాము ఖాళీ చేసి పెట్టాడు. చిన్న బండిని వెనక్కి నడుపుతూ లోపలికి తెచ్చాం. నేల చెక్కలది. వెనక చక్రం గుమ్మం దాటిందో లేదో, ఫెళ్లుమని చెక్క విరిగి చక్రం కిందకి దిగబడింది. అలాపతి ముఖం పాలిపోయింది. షావుకారు వంగి ఆ గోతిలోకి చూసి, "ఇన్నాళ్లుగా పోయిన నా పిల్లి ఇక్కడుందన్నమాట!" అన్నాడు. నిజంగానే కింద పిల్లీ, దాని పిల్లలూ ఉన్నాయి. ఆయన మనుషులే దుంగలు పెట్టి బండిని లేపారు. నేల బాగుచేస్తానని అలాపతి ఎంత బతిమాలినా, "ముందు నీ బండ్ల సంగతి చూడవయ్యా, నా గోతికేం తొందరలేదు" అని పంపించేశాడు.

తర్వాత చర్చి హాలు. పాస్టరుగారు గుమ్మం రెండు తలుపులూ బార్లా తీశారు. బండి పైనున్న నిచ్చెన గుమ్మానికి తగిలింది. చక్రాల్లో గాలి తీసేస్తే పడుతుందని ఎవరో సలహా ఇచ్చారు. తీశాం. బండి సగం లోపలికి వెళ్లి, ఇక అటూ కాకుండా ఇటూ కాకుండా ఇరుక్కుపోయింది. లోపల పాటలు సాధన చేసుకుంటున్న ఆడవాళ్లు కిటికీల్లోంచి బయటికి దూకాల్సి వచ్చింది.

"నిప్పంటుకోకుండానే కిటికీల్లోంచి దూకించావు కదయ్యా," అంది వాళ్లలో ఒకావిడ, నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డ సర్దుకుంటూ. "నీకంటే నిప్పే నయం!"

బండిని బయటికి లాగేసరికి సాయంత్రమైంది. పాస్టరుగారు మాకు కోకో పోయించి, మాకోసం ప్రార్థన కూడా చేశారు. "ప్రభువా, వీళ్లకి ఎక్కడో ఒక కప్పు చూపించు. కాస్త ఎత్తుగా ఉండేది చూపించు."

మర్నాడు మరో రెండూళ్లు తిరిగి ఉసూరుమంటూ బస్సెక్కాం. బస్సు కిక్కిరిసి ఉంది. మా బస్సుల్లో మామూలే, అలాపతి ఒళ్లో ఒక ముసలాయన, నా ఒళ్లో ఒక స్కూలుపిల్ల. పాటలు మోగుతున్నాయి. ఫాగాసినా ఊళ్లోకి వచ్చేసరికి కిటికీలోంచి ఆ ఊరి పొడుగుపడవ షెడ్డు కనబడింది. రోడ్డు నుంచి నీటిదాకా సిమెంటు నేల, రెండు కొసలా గోడ లేదు, కొబ్బరిచెట్టంత ఎత్తున్నట్టనిపించే కప్పు. గాలివానకి ఒక్క రేకు కదల్లేదు.

"అన్నా, అది చూశావా?"

"చూళ్లేదు."

"అటే చూస్తున్నావుగా!"

"అటే చూస్తున్నాను. కానీ చూళ్లేదు," అని తల తిప్పేసుకున్నాడు.

కారణం నాకు తెలుసు. అలాపతిది అఖాతానికి అవతలి ఒడ్డునున్న వైతోలో అనే ఊరు. ఫాగాసినాకీ వైతోలోకీ పొడుగుపడవల పోటీ మా తాతల నాటిది. కిందటేడు స్వాతంత్ర్య దినం పందెంలో వైతోలో పడవ వీళ్లని పడవ ముక్కంత తేడాతో ఓడించింది. ఆ పడవలో తండ్రి కూర్చున్న చోటే కూర్చుని తెడ్డు వేసింది అలాపతి. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఇంటికి తిరిగొస్తూ వైతోలో వాళ్లు లారీలో నిలబడి ఫాగాసినా నడివీధిలోంచి బిస్కట్ డబ్బాలు వాయించుకుంటూ వెళ్లారు.

"ఆ డబ్బా వాయించింది ఎవరనుకున్నావు? నేనే," అన్నాడు దిగులుగా. "ఆ ఊళ్లో అడుగు పెడితే నన్ను ముసలీ ముతకా కూడా కొడతారు."

ఫాగాసినా పడవ కెప్టెన్ లెఫావో. ఆ ఊరి పెద్దల్లోనూ పెద్ద. ఆయన భార్య మసినా మా అమ్మకి సొంత అక్క. అందుకని ముందు నేనొక్కదాన్నే వెళ్లాను. పెద్దమ్మ వంటపాకలో కొబ్బరి కోరుతోంది.

"ఏమే రేడియో పిల్లా, నిప్పు ఉంటే తప్ప కనబడవా?"

సంగతి చెప్పాను. కోరడం ఆపి విన్నది. "మీ పెదనాన్నకి ఆ పడవంటే ఎంతో నీకు తెలుసుగా. పెళ్లైన కొత్తలో నన్ను చూసిన దానికంటే దాన్నే ఎక్కువ చూసేవాడు. ఇప్పుడూ అంతే అనుకో. సోమవారం ఊరి సభ ఉంది. ఆ డబ్బా వాయించినవాణ్ణి తీసుకురా. సభలో కలుపుకు తాగడానికి ఆవా దుంప మంచిది పట్టుకురమ్మను. నోరు తక్కువ వాడమను."

సోమవారం అలాపతి ఉతికిన లావాలావా కట్టుకుని, ఆవా దుంప రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. సభ జరిగే ఇంటికి గోడలుండవు. స్తంభానికొకరు చొప్పున పెద్దలు చుట్టూ కూర్చున్నారు. అలాపతి అంచున బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మహిళా సంఘం వాళ్లు ఇంటి వెనకవైపు చాపల మీద ఉన్నారు. నేను వాళ్లలో కలిశాను. ఆవా తాగడం అయ్యాక అలాపతిని మాట్లాడమన్నారు. గాలివాన సంగతీ, పంపు సంగతీ, ఎండలొస్తున్న సంగతీ నేల చూపులు చూస్తూనే చెప్పాడు.

అప్పుడు లెఫావో గొంతు సవరించుకున్నాడు.

"ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే. చేతిలో డబ్బా ఉండుంటే వెంటనే గుర్తుపట్టేవాణ్ణి."

పెద్దలు నవ్వారు. అలాపతి తల ఇంకా కిందకి దించుకున్నాడు.

"అయ్యా, అది నేనే. తప్పయింది."

"తప్పా ఒప్పా అని కాదు. తాళం కూడా సరిగ్గా రాలేదు నీకు." మళ్లీ నవ్వులు. తర్వాత ఆయన గొంతు మారింది. "చూడు, ఆ షెడ్డు మా తాత కట్టింది. అందులో పడవ తప్ప ఇంకోటి పెట్టి ఎరగం. జూన్ మొదట్లో పందెం. పడవని ఎండలో పడేస్తే అతుకులు విచ్చుకుంటాయి. పైగా వైతోలో మనిషి పొద్దస్తమానం మా షెడ్డులో కూర్చుంటే, మావాళ్లు తెడ్డు ఎలా వేస్తున్నారో చూడకుండా కళ్లు మూసుకుంటాడా?"

అలాపతి మొదటిసారి తలెత్తాడు. "అయ్యా, ఈ ఏడు నేను మా పడవ ఎక్కను. నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. షెడ్డు ఇప్పించండి."

మా దీవిలో మగవాడు పడవలో తండ్రి చోటు వదులుకోవడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. నా పక్కనున్న ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. లెఫావోకి మాత్రం ఎక్కడలేని కోపమొచ్చింది.

"ఎవడయ్యా నిన్ను దిగమన్నది? నువ్వు లేని పడవని గెలిస్తే మాకేం మిగులుతుంది? అలాపతిని షెడ్డులో కట్టేసి గెలిచారని రేపు మీ ఊరోళ్లు పాట కడతారు. ఆ పాట నేను వినాలా? నువ్వు పడవ ఎక్కాలి. మా చేతిలో శుభ్రంగా ఓడిపోవాలి. ఓడిపోయి వచ్చి నీ పంపు నువ్వు బిగించుకోవాలి. అర్థమైందా?"

అలాపతికి అర్థం కాలేదు. "అంటే... షెడ్డు ఇస్తున్నట్టా అయ్యా?"

"నేనెక్కడిచ్చాను? పడవని ఎక్కడ పెట్టను, నా నెత్తినా?"

అప్పుడు వెనక నుంచి మసినా పెద్దమ్మ గొంతు వినబడింది. "పడవకి ఇల్లు మేం కడతాం."

సభ అంతా అటు తిరిగింది.

"చర్చి పక్క చెట్ల నీడలో గుంజలు పాతి, కొబ్బరాకులు అల్లి కప్పేస్తాం. పొద్దునా సాయంత్రం తడిచాపలు పరుస్తాం. అంతమంది పిల్లలకి నీళ్లు పోసి పెంచినవాళ్లం, ఒక్క పడవకి పొయ్యలేమా? సంఘంలో మాట్లాడుకునే వచ్చాం."

లెఫావో భార్యవైపు చూశాడు, పెద్దలవైపు చూశాడు, చివరికి సముద్రంవైపు చూశాడు. పెద్దలు ఒక్కొక్కరే తలూపారు.

"ఇళ్లలో నిర్ణయాలు అయిపోయాక మమ్మల్నిక్కడ ఎందుకు కూర్చోబెడతారో నాకెప్పుడూ అర్థం కాదు," అన్నాడాయన. "సరేనయ్యా. తీసుకో."

అలాపతి అక్కడే నేలమీద తల ఆన్చాడు.

ఆ వారం ఆడవాళ్లు ఆకులు అల్లుతుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. కప్పు సిద్ధమయ్యాక ఊళ్లో మగవాళ్లంతా కలిసి పడవని భుజాలకెత్తుకున్నారు. అలాపతి కూడా వెళ్లి భుజం పెట్టాడు. "జాగ్రత్త, ముక్కు జాగ్రత్త! కిందటేడు అక్కడే తేడా వచ్చింది!" అని లెఫావో వెంట నడుస్తూ అరుస్తుంటే మోసేవాళ్లు నవ్వాపుకోలేక అవస్థ పడ్డారు. ఆ సాయంత్రమే మా పెద్ద బండి షెడ్డులోకి వచ్చింది. పైదూలానికి చైనూ కప్పీ వేలాడదీసి, పంపును ఊయలలో పాపలా కిందకి దించాడు అలాపతి.

అప్పటినుంచి నాకు సెలవు దొరికినప్పుడల్లా అక్కడే ఉండేదాన్ని. లెఫావో రోజూ ఒక కుర్చీ తెచ్చుకుని షెడ్డు గుమ్మంలో కూర్చునేవాడు. నూనె చుక్క నేలమీద పడిందో, "అదిగో, మళ్లీ!" అనేవాడు. పెద్దమ్మ కొబ్బరి పీచు తెచ్చి నూనె మీద చల్లి తుడిచేది. సాయంత్రం ప్రార్థన వేళ శంఖం ఊదగానే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. అలాపతి బండి కిందే వెల్లకిలా పడుకుని, పానా గుండెలమీద పెట్టుకుని, ఇళ్లలో పాటలు అయ్యేదాకా కదలకుండా ఉండేవాడు.

భోజనం వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి వచ్చేది. చేమదుంపలు, కాల్చిన సీమపనస, కొబ్బరిపాలల్లో ఉడికిన లేత చేమాకు, చేపలు. మేం వద్దన్నా వినేవాళ్లు కాదు.

"ఇలా పెడుతుంటే లావైపోతున్నాను కెప్టెన్ గారూ," అన్నాడు ఒకసారి అలాపతి. "నేనెక్కితే మా పడవ మునుగుతుంది."

"మరి మా ఎత్తు అదే కదా," అన్నాడు లెఫావో. "ఇంకో చేప తిను."

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి కొట్టింది. మగవాళ్లు తోటల్లోనూ, కొందరు వేటకి సముద్రంలోనూ ఉన్నారు. పడవ మీది ఆకులకప్పు ఒక పక్క లేచిపోయింది. ఆడవాళ్లు గుంజలు పట్టుకుని వేలాడుతున్నారు. అలాపతి అప్పుడే పంపు లోపలి ముక్కలు శుభ్రం చేసి గుడ్డమీద వరసగా పేర్చుకున్నాడు. కేకలు విని వాటిమీద తన చొక్కా కప్పేసి, బండి మీదున్న పెద్ద టార్పాలిన్ లాక్కుని వానలోకి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను. టార్పాలిన్ గాలికి తెరచాపలా ఉబ్బిపోతుంటే, మరో దారిలేక దాంతోపాటే పడవ మీద బోర్లా పడుకున్నాడు. పక్కనే పెద్దమ్మ, అటుపక్క ఇంకో నలుగురు ఆడవాళ్లు, నేను. వాన తగ్గేదాకా వైతోలో తెడ్డుగాడు ఫాగాసినా పడవని కావలించుకుని పడుకున్నాడు.

లెఫావో తోట నుంచి ఒగర్చుకుంటూ వచ్చి అదంతా చూశాడు. పడవ చుట్టూ తిరిగి అతుకులు తడిమి చూసుకున్నాడు. తర్వాత ఇంటికి వెళ్లి, వేడి కోకో, పొడి చొక్కా ఒకటీ తెచ్చి అలాపతి చేతికిచ్చాడు. ఆ చొక్కా ఆయన ఆదివారాలు చర్చికి వేసుకునేది. అలాపతి చేతులకంతా గ్రీజు. అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"వేసుకోవయ్యా. ఉతుక్కోవడం మాకూ వచ్చు," అన్నాడు లెఫావో.

మే నెలాఖరుకి మూడు బండ్లూ బాగయ్యాయి. అయినా పని తీరేది కాదు. ఒకటి వెళ్తే ఇంకోటి వచ్చేది. పందెం రోజున అలాపతి వైతోలో పడవలో తన చోట్లో కూర్చున్నాడు. ఆ ఏడు ఉపోలు దీవి పడవేదో అందర్నీ మించి వెళ్లిపోయింది. మా రెండూళ్లవీ ఎక్కడో వెనక పక్కపక్కన వచ్చాయి. రెండింట్లో ఏది ముందన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు, తేలదు.

ఆగస్టులో దీవి పడమటి కొసనున్న ఫలేవై నుంచి రేడియోలో పిలుపొచ్చింది. తోటలో పెట్టిన మంట గాలికి చెయ్యిదాటి, స్కూలువైపు వెళ్తోందన్నారు. పెద్ద బండిని పంపాను. పంపు పక్కన ఉంటానని అలాపతీ ఎక్కాడు. ఆ తర్వాత నాకు రేడియోలో ముక్కలు ముక్కలుగానే వినబడింది. సముద్రంలోంచి నీళ్లు తోడుతున్నారట. గాలి మారిందట. స్కూలు వంటపాక పోయిందట. నేను రేడియో ముందు రెండు చేతులూ బిగపట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా అలాపతి గొంతు వినబడింది.

"చెల్లీ, ఆరిపోయింది. స్కూలు ఉంది, ఇళ్లున్నాయి, మనుషులందరూ ఉన్నారు. పంపు ఒక్కసారి కూడా ఆగలేదే! ఒక్కసారి కూడా!"

నేను ఏడుస్తుంటే మా అధికారి వచ్చి ఏమైందని కంగారుపడ్డాడు.

ఫలేవై పెద్దలు మావాళ్లని కూర్చోబెట్టి, మర్యాదగా కృతజ్ఞతలు చెప్పబోయారట. అలాపతి చేతులు జోడించి, "నాకు కాదయ్యా. ఫాగాసినా వాళ్లు పడవని చెట్టుకింద పెట్టుకుని మాకు చోటిచ్చారు. ఈ పంపు బాగైంది అక్కడే. వాళ్లకి చెప్పండి," అన్నాడట. మాటవరసకి అన్నాడనుకున్నాం అందరం.

ఫలేవై వాళ్లు అలా అనుకోలేదు. తర్వాతి వారంలో ఒక రోజు నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా, రోడ్డుమీద ఒక బస్సు ఆగింది. నిండా చేమదుంపల బుట్టలు, కాల్చిన పందులు, పైన పెళ్లిళ్లకీ చావులకీ మాత్రమే ఇచ్చే మేలురకం చాప ఒకటి. ముందు వాళ్ల ఊరి తరఫున మాట్లాడే వక్త కర్ర పట్టుకుని దిగాడు. లెఫావో అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు.

"ఎవరే వీళ్లు?" అన్నాడు గాబరాగా. "ఎవరైనా పోయారా? పెళ్లేమైనా ఉందా మనింట్లో?"

వక్త స్కూలు సంగతి చెప్పి, పిల్లల తరఫున, తల్లుల తరఫున, ఊరి తరఫున కృతజ్ఞతలు చెప్పాడు. మా దీవిలో లెఫావోకి మాటల్లో ఎదురులేదని పేరు. ఆ రోజు ఆయన జవాబు చెప్పడానికి లేచి, తల తుడుచుకున్న తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "మేం ఏం చేశామని..." అని మొదలుపెట్టాడు. "కప్పు ఉంది, ఇచ్చాం. నిజానికి ఇచ్చింది ఆడవాళ్లు. నేను ఊరికే కుర్చీలో కూర్చున్నాను." వాళ్లు దించిన బుట్టలవైపు ఒకసారి చూశాడు. "మీ పిల్లలు బాగున్నారు కదా? అది చాలు. కూర్చోండి, తిని వెళ్లండి," అని చటుక్కున కూర్చుండిపోయాడు. అంత చిన్న ప్రసంగం ఆయన జన్మలో చెయ్యలేదని పెద్దమ్మ నాకు చెవిలో చెప్పింది. చెబుతూ తనూ కళ్లు తుడుచుకుంది.

బస్సు వెళ్లాక పంపకాలు మొదలయ్యాయి. పాస్టరుకి ఇంత, ఒక్కో ఇంటికీ ఇంత, రేవులో గోదాము షావుకారుకి ఇంత. అన్నీ అయ్యాక లెఫావో ఒక పంది తొడ, రెండు బుట్టల దుంపలు వేరే పెట్టించాడు.

"ఇది వైతోలోకి పంపండి."

"వాళ్లకెందుకు? నిన్నటిదాకా ముక్కు మాది ముందంటే మాది ముందని కొట్టుకున్నారుగా," అంది పెద్దమ్మ.

"ఆ కొట్లాట దారి ఆ కొట్లాటదే. అలాంటివాణ్ణి కన్న ఊరు కదే. పంపు."

అలాపతి షెడ్డులో చిన్న బండి కింద ఉన్నాడు. అతని వంతు పళ్లెం నేనే తీసుకెళ్లాను. సంగతంతా చెబితే బండి కింద నుంచి తల బయట పెట్టి విన్నాడు. లేచి కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు తినలేదు.

"ఫలేవై వాళ్లు మాకు కృతజ్ఞతలు చెప్తే నేను వీళ్లకి చెప్పమన్నాను. వీళ్లేమో మా ఊరికి పంపారు. ఇప్పుడు నేనెవరికి చెప్పాలి చెల్లీ?"

"ముందు తిను అన్నా," అన్నాను. "చల్లారిపోతోంది."